ఆఖరున వచ్చిన కవర్లు



2019 అక్టోబరులో నేను సియాటిల్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఒకరోజు సాయంత్రం తను ఆఫీసు నుంచి వస్తూ, కింద పోస్టు డబ్బాలో ఉన్న లావుపాటి కవరు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. "ఓటు వచ్చింది నాన్నా" అంది. ఓటు దగ్గరికి మనం వెళ్లడమే గాని, ఓటే మన ఇంటికి రావడం నేనెప్పుడూ చూడలేదు. విప్పితే లోపల పొడవాటి బ్యాలెట్ కాగితం, అది కనపడకుండా పెట్టడానికి ఒక తొడుగు, తిప్పి పంపడానికి స్టాంపు అవసరం లేని కవరు. వాషింగ్టన్ రాష్ట్రంలో జనమంతా బూతుల ముందు బారులు తీరే పద్ధతి పోయి చాలా ఏళ్లయింది. ఎన్నికకు రెండు మూడు వారాల ముందే ప్రతి ఓటరు ఇంటికీ కాగితం వస్తుంది. తీరిగ్గా కూర్చుని, ఒక్కొక్కరి గురించీ చదువుకుని, నల్ల పెన్నుతో పేరు పక్కనున్న గడి నింపి, కవరు మీద సంతకం పెట్టి పంపాలి.

మా అమ్మాయి మూడు సాయంత్రాలు కూర్చుంది. కాగితంతోపాటు ఒక పుస్తకం వచ్చింది. అందులో పోటీలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ గురించి తామే రాసుకున్న పరిచయం. నగర కౌన్సిల్, మూడో డిస్ట్రిక్ట్ అన్న చోట రెండే పేర్లు. ఒకటి ఈగన్ ఒరాయన్. రెండోది క్షమా సావంత్. పక్కన పార్టీ పేరు లేదు, గుర్తు లేదు. అక్కడ నగర కౌన్సిల్ పదవులకు బ్యాలెట్ మీద పార్టీ ముద్ర ఉండదు.

ఎవరికి వేసిందో నేను అడగలేదు, తను చెప్పలేదు. కానీ కవరు మీద సంతకం మాత్రం తెలుగులో పెట్టింది. చిన్నప్పుడు పలక మీద నేను దిద్దించిన సంతకమే. "ఇక్కడ ఇది చెల్లుతుందా?" అంటే, "ఓటరుగా పేరు రాయించుకున్నప్పుడు ఇదే పెట్టాను. వాళ్లు దానితో పోల్చి చూస్తారు" అంది. ఈ సంతకం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

పుణేలో 1973లో పుట్టి, ముంబైలో పెరిగిన తమిళ కుటుంబపు అమ్మాయి క్షమా సావంత్. ముంబై విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ చదివింది. అమెరికా వెళ్లాక దారి మార్చుకుని నార్త్ కరొలైనాలో ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ చేసింది. అంత సంపద ఉన్న దేశంలో రోడ్డు పక్కన డేరాల్లో మనుషులెందుకు పడుకుంటున్నారన్న ప్రశ్న తనను అటు తిప్పిందని తనే చెప్పుకుంది. సియాటిల్ వచ్చి కాలేజీలో పాఠాలు చెప్పింది. 2010లో పౌరసత్వం తీసుకుంది. 2012లో రాష్ట్ర శాసనసభకు పోటీ చేసింది. ఎవరి మీదనుకున్నారు? ఆ సభ స్పీకరు ఫ్రాంక్ చాప్ మీద. ఓడిపోయింది. కానీ సోషలిస్టునని బాహాటంగా చెప్పుకున్న కొత్త మనిషికి 29 శాతం ఓట్లు పడ్డాయి. ఆ 29 శాతమే మరుసటి ఏడాదికి పెట్టుబడి.

2013లో నగర కౌన్సిల్‌కు నిలబడింది. ఎదురుగా రిచర్డ్ కాన్లిన్, పదహారేళ్లుగా ఆ కుర్చీలో ఉన్న పెద్దమనిషి. అప్పట్లో తొమ్మిది మంది సభ్యులనూ నగరమంతా కలిసి ఎన్నుకునేది. సావంత్ ప్రచారమంతా ఒక అంకె చుట్టూ తిరిగింది: గంటకు 15 డాలర్ల కనీస వేతనం. అప్పుడు రాష్ట్రంలో కనీస వేతనం 9 డాలర్ల 19 సెంట్లు. హోటల్లో గిన్నెలు కడిగేవాళ్లకు, కాఫీ దుకాణంలో నిలబడి పనిచేసేవాళ్లకు ఆ తేడా అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కరలేదు. ఎన్నిక రాత్రి మొదటి లెక్క వచ్చింది. సావంత్ ఏడు శాతానికి పైగా వెనకబడి ఉంది. చాలామంది అయిపోయిందనుకున్నారు.

అవ్వలేదు. ఎందుకు అవ్వలేదో తెలియాలంటే ఆ కవర్ల దగ్గరికి మళ్లీ రావాలి. ఎన్నిక రోజు రాత్రి ఎనిమిదింటి దాకా పెట్టెల్లో వేసిన కవర్లు, ఆ రోజు తేదీతో పోస్టు ముద్ర పడ్డ కవర్లు అన్నీ చెల్లుతాయి. ఆ రాత్రి చెప్పే లెక్కలో ఉండేవి ముందుగా వచ్చిన ఓట్లే. సొంత ఇల్లున్నవాళ్లు, వయసు మళ్లినవాళ్లు, తీరిక ఉన్నవాళ్లు కవరు రాగానే నింపి పంపేస్తారు. అద్దె ఇళ్లలో ఉండే కుర్రవాళ్లు, రెండు ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, కవరు ఫ్రిజ్ మీద పెట్టి మరిచిపోయి ఆఖరు రోజున పరిగెత్తేవాళ్లు, వీళ్ల ఓట్లు ఆలస్యంగా వస్తాయి. లెక్క రోజూ కొంచెం కొంచెం పెరుగుతుంది. పది రోజుల తరవాత కాన్లిన్ ఓటమి ఒప్పుకున్నాడు. తేడా మూడు వేల పైచిలుకు ఓట్లు.

గెలిచాక కౌన్సిల్ సభ్యురాలిగా వచ్చే లక్ష డాలర్లు దాటిన జీతంలో ఏడాదికి 40,000 మాత్రమే ఉంచుకుని, మిగతాది ఉద్యమాలకు ఇస్తానంది. అలాగే చేసింది. 2014 జూన్ 2న 15 డాలర్ల చట్టానికి కౌన్సిల్ తొమ్మిదికి తొమ్మిది ఓట్లతో ఆమోదం తెలిపింది. ఘనతంతా ఆమెదే అనడం న్యాయం కాదు. పక్కనే విమానాశ్రయం ఉన్న సీటాక్ అనే చిన్న ఊళ్లో ఓటర్లు అప్పటికే 15 డాలర్లకు ఒప్పుకున్నారు. మేయరు ఎడ్ మర్రీ వ్యాపారులనూ కార్మిక సంఘాలనూ ఒకచోట కూర్చోబెట్టాడు. రోడ్డు మీద నడిచిన కార్మికులున్నారు. కానీ ఎన్నికల్లో ఆ అంకెను తలకెత్తుకుని గెలిచిన మనిషి సభలో కూర్చున్నాక, ఎవరూ దాన్ని పక్కన పెట్టలేకపోయారు. ఆ వేతనం ధరలతోపాటు పెరుగుతూ 2025లో 20 డాలర్ల 76 సెంట్లకు చేరింది.

2015లో పద్ధతి మారింది. నగరాన్ని ఏడు డిస్ట్రిక్ట్‌లుగా విడగొట్టారు. ఏడుగురు ఆయా ప్రాంతాల నుంచి, ఇద్దరు నగరమంతటి నుంచి. సావంత్ మూడో డిస్ట్రిక్ట్ నుంచి నిలబడింది. ఆ డిస్ట్రిక్ట్ ఒక విచిత్రమైన చెరువు గట్టు లాంటిది. ఒక పక్క కాపిటల్ హిల్: అపార్ట్‌మెంట్లు, అద్దెదారులు, విద్యార్థులు, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉండే దుకాణాలు. కిందికి దిగితే సెంట్రల్ డిస్ట్రిక్ట్: నల్లజాతి కుటుంబాలు తరాలుగా బతికిన పేటలు, అద్దెలు పెరిగి వాళ్లు ఒక్కొక్కరే ఊరి బయటికి పోతున్న పేటలు. తూర్పున సరస్సు ఒడ్డున మాడిసన్ పార్క్: పడవలు కట్టేసుకునే రేవులున్న బంగళాలు. ఈ మూడు చోట్లకూ ఒకే సభ్యురాలు. ఆ ఏడు స్థానిక అర్బన్ లీగ్ సంస్థ అధ్యక్షురాలు పమేలా బ్యాంక్స్ మీద 56 శాతం ఓట్లతో గెలిచింది. ఆమె చేసిన నాలుగు పోటీల్లో ఎక్కువ చెమట పట్టని గెలుపు అదొక్కటే.

అసలు పరీక్ష 2019. దానికి ముందు సంగతి ఒకటుంది. 2018 మేలో పెద్ద కంపెనీల మీద ఉద్యోగికి ఏడాదికి 275 డాలర్ల పన్ను వేస్తూ కౌన్సిల్ తొమ్మిదికి తొమ్మిది ఓట్లతో తీర్మానించింది. ఇల్లు లేనివాళ్లకు ఇళ్లు కట్టడానికి ఆ డబ్బు. నెల తిరగకుండానే, కంపెనీలు వ్యతిరేకించేసరికి, అదే కౌన్సిల్ ఏడుగురి ఓట్లతో దాన్ని రద్దు చేసింది. వద్దని నిలబడ్డది ఇద్దరే. వాళ్లలో ఒకరు సావంత్. ఒక నెలలో చెయ్యెత్తి చేసిన చట్టాన్ని అదే చెయ్యెత్తి చెరిపెయ్యడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ రద్దుకు ఒప్పుకుని ఉంటే సావంత్‌కు 2019లో అంత ఎదురుగాలి ఉండేది కాదు.

ఒప్పుకోలేదు కాబట్టి ఎదురుగాలి వచ్చింది. వర్తక మండలికి అనుబంధమైన ఎన్నికల నిధికి అమెజాన్ ఒక్కటే 14 లక్షల 50 వేల డాలర్లు ఇచ్చింది. అప్పటి మారకం లెక్కన పది కోట్ల రూపాయల పైమాట. ఒక నగర కౌన్సిల్ ఎన్నికకు! అందులో పది లక్షల పైన ఎన్నికకు కొద్ది వారాల ముందు ఒక్కసారిగా వచ్చిపడింది. ఆ డబ్బు ఒక్క సావంత్ మీదే కాదు, ఏడు డిస్ట్రిక్ట్‌లలోనూ ఖర్చయింది. సియాటిల్‌లో మరో మంచి పద్ధతి ఉంది. ప్రతి ఓటరుకూ నగరం 25 డాలర్ల ఓచర్లు నాలుగు పంపుతుంది. తమకు నచ్చిన అభ్యర్థికి ఇచ్చుకోవచ్చు, ఆ డబ్బు నగరం చెల్లిస్తుంది. తీసుకున్న అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఒప్పుకోవాలి. సావంత్ ఆ ఓచర్ల జోలికి పోలేదు. అవతలివైపు హద్దులేని డబ్బు వస్తుందని ముందే లెక్కవేసుకుని, జనం దగ్గర చందాలు పట్టింది.

ఆగస్టు ప్రాథమిక ఎన్నికలో ఆమెకు వచ్చింది 37 శాతం లోపే. పదవిలో ఉన్న మనిషికి అది ప్రమాద ఘంట. మా అమ్మాయి ఉండే అపార్ట్‌మెంటుకు నాలుగు అంతస్తులు. నేనున్న నెలన్నరలో సావంత్ తరఫు కార్యకర్తలు మూడుసార్లు తలుపు కొట్టారు. ఒకసారి వచ్చిన అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయేమో, వానలో తడిసి వచ్చింది. నాకు ఓటు లేదని చెప్పినా వెళ్లలేదు. "మీ అమ్మాయి కవరు పంపిందా? ఇంకా పంపకపోతే మంగళవారం ఎనిమిది లోపు బ్రాడ్‌వే మీద పెట్టెలో వేయమనండి" అని చెప్పి, పై అంతస్తుకు మెట్లెక్కింది. ఎవరికి వేయమనాలో అప్పుడు చెప్పలేదు. వేయమని మాత్రం చెప్పింది. ఆ మాట నన్ను పట్టుకుంది.

నవంబరు 5, మంగళవారం. మేమిద్దరం గొడుగు వేసుకుని బ్రాడ్‌వే మీద కాలేజీ ముందున్న పెట్టె దగ్గరికి నడిచాం. మన పోస్టు డబ్బాకు రెండింతల ఎత్తున్న ఇనుప పెట్టె. చీకటి పడ్డాక కూడా జనం వస్తూనే ఉన్నారు. సైకిలు దిగి వేసినవాళ్లు, కాఫీ దుకాణపు ఏప్రన్ విప్పకుండానే పరిగెత్తుకొచ్చిన కుర్రాడు, పెట్టె మీదే కవరు ఆనించి సంతకం పెడుతున్న ముసలాయన. ఎనిమిదిన్నర లోపే మొదటి లెక్క వచ్చింది. సావంత్ ఎనిమిది శాతం వెనక. మా అమ్మాయి ఫోనులో చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టేసింది.

ఇక రోజూ సాయంత్రం నాలుగింటికి ఆ ఇంట్లో గడియారం చూసుకునేది నేనే. బుధవారం తేడా తగ్గింది. గురువారం ఇంకా తగ్గింది. శుక్రవారం సావంత్ ముందుకొచ్చింది. ఆ తరవాతి మంగళవారం ఒరాయన్ ఓటమి ఒప్పుకున్నాడు. ఆఖరి లెక్కలో నాలుగు శాతం ఆధిక్యం. ఆ కవర్లు ఎవరివో నేను పెట్టె దగ్గర చూశాను కాబట్టి నాకు ఆశ్చర్యం కలగలేదు. వర్తక మండలి బలపరిచిన ఏడుగురిలో గెలిచింది ఇద్దరే.

అయితే ఒక మాట. సావంత్‌ను ఇష్టపడనివాళ్ల కారణాలన్నీ డబ్బున్నవాళ్ల కారణాలు కావు. తోటి సభ్యులతో కలిసి పనిచేయడం కంటే వాళ్లను బయటపెట్టడం మీదే దృష్టి అన్నారు. ఆఫీసు నిర్ణయాలు ఆమె చేతిలో కాక ఆమె పార్టీ చేతిలో ఉన్నాయన్నారు. వీధి దీపం గురించి ఫోను చేస్తే జవాబు రాదు గాని పెట్టుబడిదారీ వ్యవస్థ గురించి ప్రసంగం వస్తుందని వాపోయినవాళ్లున్నారు. వాడకట్టు పనులు చూడాల్సిన మనిషి మీద ఆ ఫిర్యాదు చిన్నదేమీ కాదు. అద్దెదారుల వైపు చూస్తే కథ వేరు. ఇల్లు ఖాళీ చేయించేటప్పుడు, అద్దె పెంచేటప్పుడు యజమాని పాటించాల్సిన నిబంధనలు ఆమె హయాంలో ఒకటొకటిగా చట్టాలయ్యాయి. చలికాలంలో ఖాళీ చేయించకూడదన్నది అందులో ఒకటి. అద్దె పెంచాలంటే ఆరు నెలల ముందు చెప్పాలన్నది మరొకటి.

నేను హైదరాబాద్ తిరిగొచ్చాక, 2020 డిసెంబరు 1న మన నగరపాలక ఎన్నికలు జరిగాయి. 150 వార్డులు. కరోనా రోజులు కాబట్టి యంత్రాలు కాకుండా బ్యాలెట్ కాగితాలే పెట్టారు. మా కాలనీ బడిలో బూతు. పదకొండింటికి వెళితే నా ముందు ఇద్దరున్నారు. స్వస్తిక్ ముద్ర కొట్టి, కాగితం మడిచి పెట్టెలో వేసి బయటికొచ్చేసరికి మూడు నిమిషాలు పట్టలేదు. ఆ రోజు నగరమంతటా ఓటేసింది 46.55 శాతం. మా మెట్ల మీద ఎదురుపడ్డ పొరుగాయన "ఇంతకీ మన వార్డులో ఎవరు నిలబడ్డారండీ?" అని అడిగాడు. మంచి చదువరి, అసెంబ్లీ ఎన్నికలప్పుడు ప్రతి నియోజకవర్గం లెక్కా వేళ్ల మీద చెప్పే మనిషి. తప్పు ఆయనది మాత్రమే కాదు. మన దగ్గర కార్పొరేటరు భవిష్యత్తు ముందు బీ ఫారం దగ్గర తేలుతుంది, తరవాత ఓటరు దగ్గర. వార్డు రిజర్వేషన్ మారితే ఐదేళ్లు బాగా చేసినవాళ్లకు కూడా అదే వార్డులో మళ్లీ నిలబడే వీలుండదు. అలా మారకుండా రెండు విడతలు ఒకే రిజర్వేషన్ ఉండేలా 2020లో హైదరాబాద్ చట్టం మార్చారు. అది నాకు మంచి మార్పుగా కనిపించింది. మళ్లీ మన ముఖం చూడాల్సిన మనిషి మన నాలా సంగతి మరిచిపోరు.

మూడో డిస్ట్రిక్ట్‌లో ఆ తరవాత జరిగింది చెప్పాలి. చివరి ఘట్టం ముందే చెప్పేస్తాను. 2023 ఫిబ్రవరి 21న సావంత్ తెచ్చిన చట్టంతో, కులం పేరిట వివక్షను నిషేధించిన మొదటి అమెరికన్ నగరమైంది సియాటిల్. ఆరుగురు ఔనన్నారు, ఒకరు కాదన్నారు. సభలో మాట్లాడటానికి రెండు వైపులా మన భారతీయులే బారులు తీరారు. ఆ ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ కొలువుల్లో ఉన్న తెలుగువాళ్లు ఎంతమందో మీకు తెలుసు. ఈ చర్చ వాళ్ల వంటిళ్లలోకీ, వాట్సాప్ గ్రూపుల్లోకీ వచ్చింది. తాను పుట్టింది బ్రాహ్మణ కుటుంబంలో అని సావంత్ దాచుకోలేదు. ఇంటిపేరు అడిగి ఊరు అడిగి ఆ తరవాత మాట తీరు మార్చుకునే అలవాటు మనవాళ్లు విమానంలో వెంట తీసుకెళ్లారని నేను కళ్లారా చూశాను గనక, ఆ చట్టం అవసరమేనని నా మనసు చెబుతుంది. దానికి నెల ముందే, జనవరిలో, ఇక మళ్లీ పోటీ చేయనని ఆమె ప్రకటించింది. ఏడాది చివర్లో ఆ స్థానం జాయ్ హాలింగ్స్‌వర్త్‌కు వెళ్లింది.

ఇప్పుడు వెనక్కి, 2021కి. సావంత్‌ను పదవిలోంచి దించాలని 2020లో మొదలైన రీకాల్ ఉద్యమం ఆ ఏడు ఎన్నిక దాకా వచ్చింది. మన దగ్గర మేయరు మీద అవిశ్వాసం పెట్టేది కార్పొరేటర్లు. అక్కడ ఓటర్లే నేరుగా దించవచ్చు. కానీ నచ్చలేదంటే చాలదు. తప్పు చేశారని ఆరోపణ ఉండాలి, అది నిజమైతే దించదగ్గదేనని కోర్టు ఒప్పుకోవాలి. మూడు ఆరోపణలను రాష్ట్ర సుప్రీంకోర్టు ముందుకు సాగనిచ్చింది. కరోనా రోజుల్లో రాత్రిపూట నిరసనకారులను నగర భవనంలోకి రానివ్వడం ఒకటి. చట్టం ప్రకారం చిరునామా గోప్యంగా ఉంచాల్సిన అప్పటి మేయరు ఇంటిపైకి ఊరేగింపుకు నాయకత్వం వహించడం రెండోది. అమెజాన్ లాంటి పెద్ద కంపెనీల మీద పన్ను వేయాలన్న ప్రచారానికి నగర ఆఫీసు వనరులు వాడటం మూడోది. ఈ చివరిదానికి ఆమె తప్పు ఒప్పుకుని జరిమానా కట్టింది. రీకాల్‌కు పది వేల పైచిలుకు సంతకాలు కావాలి. ఎక్కువమంది ఓటేసే నవంబరులోనే ఎన్నిక జరగాలని సావంత్ తనను దించమనే ఆ కాగితం మీద తనే సంతకం పెట్టింది! అయినా తేదీ డిసెంబరు 7కు పోయింది. పండగలకు ముందు, చలిలో, ఒకే ఒక్క ప్రశ్న ఉన్న బ్యాలెట్.

ఆ రాత్రి మళ్లీ అదే కథ. మొదటి లెక్కలో దించమన్నవాళ్లే ముందున్నారు. మళ్లీ రోజురోజుకూ తగ్గింది. ఆఖరికి దించవద్దన్నవి 20,656, దించమన్నవి 20,346. తేడా 310. ఆ మధ్య రోజుల్లో సంతకం సరిపోలని కవర్లు కొన్ని వందలు పక్కన ఉండిపోయాయి. రెండు వైపుల కార్యకర్తలూ ఆ ఓటర్ల ఇళ్ల చుట్టూ తిరిగారు.

ఆ వారం మా అమ్మాయి ఫోను చేసింది. ఆఫీసు హడావిడిలో కవరు మీద ఇంగ్లీషులో సంతకం గీకేసిందట. ఎన్నికల కార్యాలయం దగ్గరున్నది తెలుగు సంతకం. రెండూ కలవలేదని ఉత్తరం వచ్చింది, మళ్లీ సంతకం పెట్టి పంపమని. "ఈసారి మీరు నేర్పిందే పెట్టాను నాన్నా, మెల్లగా, వత్తులతో సహా" అంది. నాలుగు రోజుల తరవాత రాత్రి పొద్దుపోయాక మళ్లీ ఫోను మోగింది. కంప్యూటర్లో తన పేరు కొట్టి చూస్తోందట.

"లెక్కలోకి వచ్చింది నాన్నా" అంది.